దెయ్యం రంగు

ఆ గదిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఏదో ఒకదానికి మోకాలు కొట్టుకోవాల్సిందే. కిటికీలకు నల్లగుడ్డ, తలుపుకు లోపలివైపు మళ్ళీ ఒక నల్లతెర, యంత్రాల మీద మిణుకుమనే బుల్లి దీపాలకు సైతం నల్ల టేపు ముక్కలు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా లోపల కన్ను పొడుచుకున్నా ఏమీ కనబడదు. అక్కడ పనిచేసే అమ్మాయి ఏళ్ళ తరబడి పొద్దస్తమానం అందులోనే కూర్చుంటుంది గనుక ఆమెకు ఆ పరిశోధనశాలలో చీకటమ్మ అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టిన మహానుభావుడు పరాయివాడెవరో కాదు, సాక్షాత్తూ ఆమె తోడబుట్టిన అన్న.

అన్న అదే భవనంలో కింది అంతస్తులో రంగులు చేసేవాడు. రంగులంటే గోడలకు పూసేవీ బట్టలకు అద్దేవీ కావు. లేజరు కాంతి మీద పడగానే తమ సొంత వెలుగు చిమ్మే కర్బన రంగులు. అతని వేళ్ళకు ఎప్పుడు చూసినా నారింజ, గులాబీ మరకలే. ఇంట్లో పెళ్ళి మాట ఎత్తితే, ముందు ఈ చేతుల మరకలు వదలనివ్వండి, అప్పుడు పట్టుకోవడానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు అనేవాడు. అవి వదిలేవీ కావు, అతను చేసుకునేవాడూ కాదు. నవ్వించి నవ్వించి మాట దాటేయడంలో వాడి తరవాతే ఎవరైనా అని తల్లి తల పట్టుకునేది.

అన్న చేసిన రంగును నీళ్ళలో పలచన చేసి, దాన్ని మళ్ళీ పలచన చేసి, అందులో రంగు ఉందని చెప్పినా ఎవరూ నమ్మనంతగా పలచన చేశాక చెల్లెలి పని మొదలయ్యేది. ఆ నీళ్ళు ఒక చుక్క పలచటి గాజుబిళ్ళ మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టి లేజరు వేస్తే, దానికి తగిలించిన కెమెరా ద్వారా కంప్యూటరు తెర మీద నల్లటి నలుపులో అక్కడొకటి ఇక్కడొకటి వెలుగు చుక్కలు తేలతాయి. ఒక్కో చుక్కా ఒక్కో అణువు. గుంపు కాదు, ఒక్కటంటే ఒక్కటి.

గుంపులో ఉన్నప్పుడు అణువుల సంగతి వేరు. ఎండలో ఆరేసిన చీర లాగా రంగు మెల్లమెల్లగా వెలిసిపోతుంది. ఒంటరి అణువుకు ఈ వెలిసిపోవడమన్నది లేదు. నిండుగా వెలుగుతూ వెలుగుతూనే ఠక్కున ఆరిపోతుంది. అందులోనూ రెండు రకాలు. కొన్నిసార్లు అది ఉత్త విశ్రాంతి, రెప్పపాటు కాలం మొద్దుగా ఉండి మళ్ళీ వెలుగుతుంది. ఇంకొన్నిసార్లు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ తగులుకుని అణువే విరిగిపోతుంది, ఇక దాని కథ అంతే. చిక్కెక్కడ ఉందంటే, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. చీకటిని చూసి ఇది ఆగిందో పోయిందో చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. కాచుకుని కూర్చోవాలి. వస్తే ఆగినట్టు. రాకపోతే ఇంకాసేపు కూర్చోవాలి.

అన్న చివరగా చేసిన రంగు వీటిలో దేనికీ లొంగలేదు. ఆరిపోయేది. ఇక పోయిందిలే అనుకుని లేచి వెళ్ళి టీ తాగి వచ్చేసరికి, సరిగ్గా అదే చోట, ఏమీ ఎరగనట్టు వెలుగుతూ ఉండేది. ఒకటీ అరా అయితే పొరపాటనుకోవచ్చు, తెరలో సగం చుక్కలది ఇదే తంతు. అందరూ దానికి దెయ్యం అని పేరు పెట్టారు. అన్న మాత్రం ఎగిరి గంతేశాడు. ఇదే గనక నిజమైతే, శరీరంలో ఒక్క అణువు వెంటబడి రోజంతా చూడొచ్చు, మధ్యలో దీపం ఆరిపోయిందన్న బెంగ ఉండదు అన్నాడు. ఆ రోజుల్లో అతని కాలు ఒకచోట నిలిచేది కాదు.

తరవాత జరిగింది చెప్పడానికి నోరు రావడం లేదు గానీ, చెప్పకపోతే కథ నడవదు. ఒక మధ్యాహ్నం ఇద్దరూ టీ తాగి మెట్లెక్కుతున్నారు. అన్న ఉన్నట్టుండి మెట్టు మీద కూర్చున్నాడు. నువ్వు పద, వెనకే వస్తాను అన్నాడు. ఆయాసం అనుకుంది ఆమె. వెళ్ళి నల్లతెర లాక్కుని దెయ్యాన్ని చూస్తూ కూర్చుంది. కింద ఎవరో కేకలు వేసేదాకా ఆమెకు తెలియదు. డాక్టర్లు గుండె అన్నారు, ఎవరున్నా చేయగలిగింది లేదన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజు నుంచీ ఆమె ఆ గదిలో తలుపుకు వీపు పెట్టి కూర్చోవడం, మెట్ల మీద ఎవరి అడుగు చప్పుడైనా మెడ వెనక సూదులు గుచ్చినట్టవడం మొదలైంది. పక్కన అన్న కూర్చునే కుర్చీ అలాగే ఉంచింది. మరొకర్ని దాని మీద చెయ్యి కూడా వేయనిచ్చేది కాదు.

ఇంట్లో తల్లి గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, మాట లేదు. తండ్రి ఏనాడో పోయాడు, ఇప్పుడు కొడుకు. ఆమెను ఓదార్చగల మాట ఈ లోకంలో ఏదైనా ఉందా అని కూతురు వెతుక్కుంది, దొరకలేదు. ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి, ఏం మాట్లాడుతున్నదో తనకే తెలియకుండా, అన్నయ్య రంగు ఇవాళ ఆరిపోయి చాలాసేపటికి మళ్ళీ వెలిగిందని చెప్పింది. తల్లి ఇటు తిరిగింది. ఎంతసేపటికి అని అడిగింది. అదే చోటా అని అడిగింది. లేచి కూర్చుంది. ఆ పూట ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు.

అది మొదలు, కూతురు ఇంటికి రావడమే ఆలస్యం, లోపలినుంచి ఒకటే ప్రశ్న.

"ఇవాళ వచ్చాడా?"

రంగును పట్టుకుని వాడు వీడు అంటుందేమిటి అని కూతురు సరిదిద్దలేదు. వచ్చాడమ్మా అనేది. ఎన్నిసార్లు ఆరాడో, ఎలా మిణుకుమన్నాడో, టీ చల్లారేదాకా ఎలా సతాయించాడో పూసగుచ్చినట్టు చెప్పేది. వాడికి సతాయించడం చిన్నప్పటినుంచీ ఉంది అనేది తల్లి. ఇంట్లో పొయ్యి వెలిగింది, తల్లి తల దువ్వుకుంది, పొరుగువాళ్ళు పలకరిస్తే పలికింది. ఇటు పరిశోధనశాలలో చీకటమ్మ తెర మీద ఒక చుక్క తిరిగి వెలగ్గానే, లేచావా అని పైకే అనడం మొదలుపెట్టింది. పక్క కుర్చీలోంచి అన్న చేతుల రసాయనాల వాసన వస్తున్నట్టుండేది. భయం వేయలేదా అంటే వేయలేదు. ఆ వాసన పోతుందేమోనని మాత్రం భయంగా ఉండేది.

ఆ ప్రయోగశాలకు పెద్దాయన ఒకరున్నారు. మంచివాడే, కాకపోతే మాట మెత్తన, పట్టు గట్టి. దెయ్యం రంగు గురించి పెద్ద సభలో ప్రకటిద్దామనీ, రంగుకు మీ అన్న పేరే పెడదామనీ, అమ్మగారిని ముందు వరసలో కూర్చోబెడదామనీ ఆయన అన్నప్పుడు చీకటమ్మకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అయితే సభలో ఎవడో ఒకడు లేచి, తిరిగొచ్చింది అదే అణువని గ్యారంటీ ఏమిటని అడుగుతాడు గనుక, ఆ ఒక్క పరీక్షా చేసి పెట్టుకోమన్నారు. అనుమానం ఉండి కాదమ్మా, అడిగేవాళ్ళ నోళ్ళు మూయించడానికి అని కూడా అన్నారు.

పరీక్ష కష్టమైందేం కాదు. గాజు మీద ప్రతి అణువూ తనదైన ఒక వాలులో పడుకుని ఉంటుంది, అది చిమ్మే వెలుగుకూ ఆ వాలే ఉంటుంది. మైక్రోస్కోపులో ఒక పలకను తిప్పుతూ ఆ వాలు కొలవచ్చు. ఆరకముందు ఎటు వాలి ఉందో, తిరిగొచ్చాక కూడా అటే వాలి ఉంటే అదే అణువు. ఆమె కొలిచింది. ఆరకముందు ఒక వాలు, వచ్చాక వేరే వాలు. ఇంకో చుక్క చూసింది, అదీ అంతే. అటు తిరిగి పడుకున్నవాడు ఇటు తిరిగి లేవకూడదా ఏం అని తనతో తనే వాదించుకుంది. వాదన గట్టిగానే ఉంది, అయినా మళ్ళీ కొలిచింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పనిలో ఉన్నవాళ్ళు రంగు వేయకముందు ఉత్త గాజుబిళ్ళను ఉత్త నీళ్ళతో ఒకసారి తప్పనిసరిగా చూస్తారు. గాజు శుభ్రంగా ఉందో లేదో తేల్చుకోవడానికి. చీకటమ్మ ఏనాడూ అది మానలేదు, ఏనాడూ ఒక్క చుక్క కనబడలేదు. ఆ తరవాతే నీటిచుక్క చెదరకుండా గాజు మీద ఉంగరంలాంటి ఒక మెత్తటి రబ్బరు చుట్టు పెట్టి అందులో రంగునీళ్ళు పోసేది. అంటే చుట్టు లేకుండానే గాజును పరీక్షించేవాళ్ళు. పరీక్ష గాజుకు గానీ చుట్టుకు కాదు కదా. చుట్టును ఎవరనుమానిస్తారు?

ఆ చుట్టు అన్న తన చేత్తో కత్తిరించినది. ఒక పక్క వంకర. ఇన్ని రంగులు కనిపెట్టినవాడికి గుండ్రంగా కత్తిరించడం రాలేదని ఆమె ఎన్నిసార్లు ఏడిపించిందో. కింది అంతస్తులో చిక్కటి రంగుల్లో నానీ నానీ పైకి వచ్చింది. అల్మరాలో కొత్త చుట్లు మూల్గుతున్నా, అన్న పోయాక ఆమెకు ఇంకోటి ముట్టుకోబుద్ధి కాలేదు. రోజూ స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, దాన్నే వాడింది. ఎంత కడిగినా పైపైనే. ఆ రకం రబ్బరు రంగును లోపలికి తాగేస్తుంది, తాగింది తాపీగా ఒక్కొక్కటే బయటికి వదులుతుంది.

ఈ ఆలోచన తట్టిన నాడు ఆమె చుట్టు పెట్టి, అందులో ఉత్త నీళ్ళు పోసి, రంగు వేయకుండా తెర ముందు కూర్చుంది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒక చుక్క వెలిగింది. ఇంకొకటి. ఇంకొకటి. రంగన్నదే వేయని నీళ్ళలోంచి అన్న చేసిన రంగు తాపీగా లేచి వచ్చి తెర నిండా కూర్చుంది. మర్నాడు కొత్త చుట్టు పెట్టి కొంచెం రంగు వేసింది. చుక్కలు వెలిగాయి, మామూలుగా కాసిన్నిసార్లు రెప్పలార్చాయి, ఆరిపోయాయి. కళ్ళు కాయలు కాచేలా చూసింది. ఒక్కటీ రాలేదు.

మరి అదే చోట ఎలా వచ్చేవి? గాజు మీద కంటికందని గరుకు చోట్లు ఉంటాయి, అణువులు అక్కడే తగులుకుంటాయి. బస్సులో ఒకరు దిగిపోగానే ఆ సీట్లో ఇంకొకరు కూలబడినట్టు, ఒక అణువు పోయిన చోటే రబ్బరులోంచి ఊరిన ఇంకో అణువు వచ్చి కూర్చునేది. అన్నీ అన్న చేసినవే, అన్నీ ఒకే పోలిక. కానీ తిరిగి వచ్చింది మాత్రం ఏదీ లేదు. పోయింది పోయినట్టే.

చావని రంగు అనేది లేదు. ఆమెకు అది పెద్దాయన ముందు ఒక్క మాటలో తేలిపోయే సంగతని తెలుసు. చెబితే సభ ఉండదు, రంగుకు పేరు ఉండదు. దాన్ని కూడా ఆమె తట్టుకోగలదు. మరి సాయంత్రం ఇంటికి వెళ్ళి ఆ ప్రశ్నకు ఏం చెప్పాలి? గోడవైపు నుంచి ఇటు తిరిగిన మనిషిని మళ్ళీ గోడవైపు తనే తిప్పాలా? ఆ సాయంత్రం వచ్చాడమ్మా అని అబద్ధం ఆడింది. మర్నాడూ ఆడింది. ఈలోగా పెద్దాయన ఫోన్ చేసి అమ్మగారిని సభకు స్వయంగా పిలిచారు. తల్లి ఉన్నవాటిలో మంచి చీర తీసి ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

ఇస్త్రీ మడత విప్పని ఆ చీరను చూశాక ఆమెకు ఇక దాచడం చేతకాలేదు. తల్లి గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి మొత్తం చెప్పేసింది. చుట్టు, రబ్బరు, గరుకు చోట్లు, అన్నీ. నీళ్ళు నమలకుండా చెప్పాలనుకుంది గానీ, ఆఖరికి ఏడుపే మిగిలింది. తల్లి కుళాయి కట్టేసింది. చేతులు తుడుచుకుంది.

"పెద్దాయనకి చెప్పేసెయ్," అంది. "లేనిదాని మీద వాడి పేరు రాయించకు. వాడికి నచ్చదు."

చెప్తానంది కూతురు.

"దానికంటే ముందు నాకు చూపించు. ఆ కొత్త చుట్టు పెట్టి."

సెలవు రోజు పొద్దున తల్లిని తీసుకెళ్ళింది. భవనం ఖాళీ. మెట్ల దగ్గర తల్లి రెయిలింగు పట్టుకుని ఎక్కుతూ ఒకచోట ఆగి, ఇక్కడేనా అన్నట్టు చూసింది. కూతురు తల ఊపింది. తల్లి ఆ మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి, పద అంది. నల్లతెర దాటి లోపలికి వచ్చాక, చీకట్లో చేతికి తగిలిన మొదటి కుర్చీలో కూర్చుంది. అది అన్న కుర్చీ. కూతురు లేవమని అనలేకపోయింది.

కొత్త చుట్టు పెట్టింది, రంగు వేసింది, లేజరు తెరిచింది. తెర మీద చుక్కలు తేలాయి. వాటిలో ఒంటరిగా ఉన్నదాన్ని వేలుపెట్టి చూపించింది. ఇంత చిన్నదా అని తల్లి అడిగింది. దీనికంటే ఎంతో చిన్నదనీ, కనబడేది దాని వెలుగు మాత్రమేననీ కూతురు చెప్పింది. తల్లి ముందుకు వంగి, కళ్ళు చికిలించి, ఆ చుక్కనే చూసింది. అది రెప్పలార్చింది. తల్లి చెయ్యి వచ్చి కూతురి మోచేతిని పట్టుకుంది. మళ్ళీ వెలిగింది. ఇది మామూలేనమ్మా, అన్ని రంగులూ ఇలాగే ఊపిరి తీసుకుంటాయి అంది కూతురు.

కాసేపటికి అది ఆరిపోయింది. చుట్టుపక్కలవీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. తెర పూర్తిగా నల్లబడింది. గదిలో యంత్రాల ఫ్యాన్ల చప్పుడు తప్ప మరేం లేదు. ఇద్దరూ చూస్తూనే ఉన్నారు.

"పోయినట్టేనా?" అంది తల్లి.

ఇప్పుడే చెప్పలేమనీ, కొన్ని ఆలస్యంగా కూడా వస్తాయనీ, ఇంకాసేపు చూడాలనీ కూతురు చెప్పింది. చూశారు. తల్లి కుర్చీలో సర్దుకుని మళ్ళీ అడిగింది. ఇంకాసేపమ్మా అంది కూతురు. ఆ మాట మూడోసారి అన్నప్పుడు గానీ, కూతురు ఇంకా ఎదురుచూస్తూనే ఉందన్న సంగతి తల్లికి అర్థం కాలేదు. ఆమె తెరను చూడటం మానేసి, చీకట్లో కూతురి మొహం ఉండాల్సిన వైపు తిరిగింది.

"వాడు పోయాడని నాకు ఆ రోజే తెలుసే," అంది మెల్లగా. "కన్నదాన్ని, ఒకరు చెప్పాలా. ఆ సాయంత్రం నువ్వు వచ్చి గుమ్మంలో నిలబడ్డావు చూడు, చెప్పులు కూడా విప్పకుండా. అప్పుడు చూశాను నీ మొహం. ఉన్న ఒక్కదానివీ నువ్వూ పోతున్నావనిపించింది. ఆ రంగు ఊసెత్తితేనే నువ్వు నోరు విప్పేదానివి, నాలుగు మెతుకులు తినేదానివి. అందుకని రోజూ అడిగాను. నాకోసమనుకున్నావా?"

చీకటమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఇన్నాళ్ళూ తల్లిని బతికిస్తున్నాననుకుంటూ రోజూ ఆమె చేతి ముద్ద తిని తనే బతికింది.

"చాలు. లైటు వెయ్యి తల్లీ."

"ఇంకొంచెంసేపమ్మా," అంది ఆమె. గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది. "ఒక్కోసారి వస్తాయి. నిజంగా వస్తాయి. ఇంకొంచెంసేపే."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తల్లి లేచి గోడ తడుముకుంటూ తలుపువైపు నడుస్తోంది. అరచెయ్యి గోడ మీద రాసుకుంటూ పోవడం, ఆగడం, మళ్ళీ రాసుకోవడం వినబడుతోంది. స్విచ్చు ఎక్కడుందో ఆమెకు తెలియదు. కూతురికి తెలుసు. కెమెరా మూత తెరిచి ఉండగా గది లైటు పడితే ఆ కెమెరా మాడిపోతుంది, మళ్ళీ ఎందుకూ పనికిరాదు. మూత వేయాలంటే చూడటం ఆపాలి. కూతురి వేలు ఆ మూత మీట మీద ఉంది. తెర మధ్యలో, ఆ చుక్క ఉండిన చోటును ఆమె చూస్తోంది. నలుపే. ఎంత చూసినా నలుపే. గోడ మీద తల్లి చెయ్యి తప్పు వైపుకు, దూరంగా పోతోంది.

ఆమె మీట నొక్కింది. టక్కుమని మూత పడింది.

"అటు కాదమ్మా," అంది. "తలుపుకి కుడిపక్కన. ఇంకొంచెం పైకి."